ఖాళీగా నుండుటకై కట్టిన చెరువు

చెరువు నిండిన యేడు ఊరంతయు సంతోషించును. అలుగు పాఱిన సంవత్సరమును మన రైతులు పెండ్లిండ్లకు, పుట్టుకలకు గుర్తుగా చెప్పుకొందురు. కట్ట వేయుట నీటిని నిలుపుటకే యని మన మెఱిగిన మాట. అట్లుండగా, ఏడాది పొడవునను తన గర్భమున అధికభాగము ఖాళీగా నుంచుకొనుటకై కట్టిన చెరువు లున్నవని చెప్పినచో వినువారు నవ్వుదురేమో. కాని అట్టివి అమెరికా సంయుక్త రాష్ట్రములలో 11,000కు పైగా నున్నవి. వానిలో మొదటిది ఓక్లహోమా రాష్ట్రమున, కార్డెల్ అను చిన్న పట్టణము చెంత, క్లౌడ్ క్రీక్ అను వాగుపై 1948 జూలైలో పూర్తియైనది. అది పొలముల నడుమ నున్న మట్టికట్ట. చూచుటకు అందు వింత యేమియు లేదు. అయినను చెరువుకట్టల క్రింద కాపురముండు మనము దాని కథ తెలిసికొనదగినదని తలచి యీ సంచికకు వ్రాయుచున్నాను.

ఆ వాగు వాషిటా నదీ పరీవాహక ప్రదేశమునకు చెందినది. వాషిటా టెక్సాస్ ఉత్తరభాగమున పుట్టి, ఓక్లహోమాను దాటి రెడ్ నదిలో పడును. ఆ సీమ నేల ఎఱ్ఱనిది, తేలికగా కరగునది. పందొమ్మిదవ శతాబ్ది తుదినుండి వలస వచ్చిన రైతులు అచటి గడ్డిబీళ్లను దున్ని ప్రత్తియు గోధుమయు వేసిరి. గడ్డివేళ్లు పట్టియుంచిన మట్టికి పట్టు తప్పెను. వాలు వెంబడి దున్నిన ప్రతి చాలును వాన వచ్చినపుడు ఒక పిల్లకాలువ యయ్యెను. పొలముల మట్టి వాగులలో చేరి వాని గర్భములను పూడ్చెను. లోతు తగ్గిన వాగు కొద్ది వానకే గట్లు దాట నారంభించెను. 1934 ఏప్రిల్ తొలి దినములలో హామన్ పట్టణము వద్ద కుంభవృష్టి కురిసి, వాషిటా పొంగి 17 మందిని పొట్టనబెట్టుకొనెను. మఱుసటి యేడు ఏప్రిల్ 14న ఆ మైదానములపై పెనుధూళి లేచి పట్టపగలే చీకటి చేసెను. ఒక యేడు నీరు, ఒక యేడు గాలి. పోయినది మాత్రము మట్టియే.

ఈ రెండు ఉపద్రవములకును మూల మొక్కటే యని పట్టుదలతో వాదించినవాడు హ్యూ హామండ్ బెన్నెట్. 1935లో భూసంరక్షణ శాఖ యేర్పడగా ఆయన దానికి అధిపతి యయ్యెను. వరదను నది యొద్ద గాక, వాన పడిన పొలమునందే పట్టవలెనని ఆ శాఖవారి మతము. వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, గడ్డి పెంచుట మొదటి పని. అప్పటికిని ఆగని నీటిని వాగుల తలాపున చిన్న కట్టలతో ఆపుట రెండవ పని. 1944 నాటి వరద నివారణ శాసనము 11 నదీ పరీవాహక ప్రదేశములలో ఇట్టి పనికి అనుమతి నిచ్చెను. వాషిటా వానిలో నొకటి. యుద్ధము ముగిసిన పిమ్మటనే పలుగు, పాఱ కదలినవి.

కట్ట నిర్మాణము మన చెరువుకట్టను పోలినదే: జిగటమట్టిని పొరలు పొరలుగా పోసి గట్టిపఱచుట. భేద మంతయు తూములో నున్నది. మన తూమునకు తలుపు గలదు. నీరుగంటి దాని నెత్తును, దించును. ఈ కట్ట తూమునకు తలుపే లేదు. చెరువులో నిలువుగా లేచిన పెట్టెవంటి కట్టడము, దాని అడుగునుండి కట్ట క్రిందుగా ఆవలికి పోవు గొట్టము, ఇంతియే. పెట్టె నోటికి దిగువ కొద్దిపాటి నీరు నిలిచియుండును. ఆ చోటు నిజమునకు పూడిక కొఱకు విడిచినది. సుమారు 50 ఏండ్లలో ఎంత మట్టి వచ్చి పడునో లెక్కగట్టి, అంత స్థలమును ముందుగనే వదలిరి. దానిపైనున్న పెద్దభాగము ఖాళీ. పెద్దవాన కురిసినపుడు వాగునీ రంతయు ఆ ఖాళీలోనికి చేరును. గొట్టము తన చాలినంతయే విడుచును. కొన్ని గంటలలో దిగువ పొలములను ముంచవలసిన నీరు కొన్ని దినములపాటు మెల్లగా దిగిపోవును. పిమ్మట చెరువు మరల ఖాళీయై తరువాతి వానకు సిద్ధమగును. నడిరేయి వానలో లేచిపోయి తలుపెత్తవలసిన మనిషి లేడు. అతడు నిద్రించెనేమో యను భయమును లేదు.

గొట్టమునకు మించిన వరద వచ్చినచో పోవుటకు, కట్ట చివర గట్టినేలలో వెడల్పుగా త్రవ్వి గడ్డి పెంచిన అలుగు గలదు. మట్టికట్టకు పరమశత్రువు తన తలమీదుగా పొర్లు నీరు. ఆ దేశస్థులు దీనిని చాల వెల యిచ్చి నేర్చుకొనిరి. 1889 మే 31న పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ మట్టికట్ట ఇట్లే పొర్లి తెగి, జాన్స్‌టౌన్ పట్టణమున 2,209 మందిని బలిగొనెను. అది వరదకై కట్టినది కాదు. బండ్లు నడచుటకు వీలుగా దాని తలను తగ్గించిరి. పెంచిన చేపలు పోకుండ అలుగునకు జల్లెడలు బిగించిరి. చెత్త వచ్చి ఆ జల్లెడలకు పట్టుకొనెను.

నాకు అన్నిటికంటె ఆలోచింపదగినదిగా తోచినది వేఱొకటి. క్లౌడ్ క్రీక్ వంటి కట్టవలన మేలు దిగువ రైతునకు. ముంపు ఎగువ రైతునకు. దానికి ఆయకట్టు లేదు, కావున ఎగువవాడు నీటితీరువ లేని నీటినైన ఆశింప వీలులేదు. ఎవరి ముఖమో యెఱుగని దిగువవారికై తన పల్లపు భూమిని అప్పుడప్పుడు మునుగ నొప్పుకొనవలెను. కేంద్ర ప్రభుత్వము కట్టడపు ఖర్చు భరించెను గాని, ముంపు హక్కులు సంపాదించి యిచ్చు బాధ్యతయు, ఆ పిమ్మట మరమ్మతుల బాధ్యతయు స్థానిక సంరక్షణ మండలులపై నుంచెను. చాలచోట్ల రైతులు ఆ హక్కులను వెల పుచ్చుకొనకయే వ్రాసియిచ్చిరి. పశువులకు త్రాగునీరు దొరకునను ఆశయు కొంత యుండియుండును. అయినను మన యూళ్లలో గట్టు మీద జానెడు నేలకై కోర్టుల కెక్కుట చూచినవారికి ఇది చిన్న విషయముగా తోచదు.

వాషిటా ఉపనదియైన సాండ్‌స్టోన్ క్రీక్ పై 24 కట్టలు వరుసగా లేచినవి. ఒక వాగు నీటి నంతటిని ఇట్లు తలనుండి తుదివఱకు కట్టుదిట్టము చేయుట అదియే మొదలు. దానిని చూచి కొందఱు, పెద్ద నదులపై పెద్ద ఆనకట్టలే అనవసరమని వాదింపసాగిరి. 1954లో లూనా లియోపోల్డ్, థామస్ మాడక్ అను శాస్త్రజ్ఞులు ఈ తగవుపై ఒక గ్రంథమే ప్రకటించిరి. చిన్న కట్ట తన క్రింది వాగును కాపాడును గాని, వందల మైళ్ల దిగువనున్న మహానది వరదను ఆపజాలదని వారు లెక్కలతో చూపిరి. నా మట్టుకు వారి మాటయే సరియైనదిగా తోచుచున్నది. క్లౌడ్ క్రీక్ కట్ట క్లౌడ్ క్రీక్ నకే. ఆ యేడే వెలువడిన మఱియొక శాసనము, 2,50,000 ఎకరములకు మించని పరీవాహక ప్రదేశములలో ఇట్టి కట్టలకు దేశమంతటను దారి తెఱచెను. ఒక్క ఓక్లహోమాలోనే అవి రెండువేలు దాటినవి.

ఏబది యేండ్లు త్వరగనే గడచినవి. కొన్ని చెరువులలో పూడిక లెక్కకు తగినట్లే నిండెను. ఇనుప గొట్టములు తుప్పుపట్టి చిల్లులుపడెను. కట్టలపై చెట్లు మొలచెను. వాని వేరు కుళ్లినచోట నీటికి దారి యేర్పడును. ఎలుక జాతి జంతువులు బొఱియలు త్రవ్వెను. ఇంకొక చిక్కును కట్టినవారు ఊహింపలేదు. వరద భయము తొలగిన చోట జనులు కట్ట క్రిందనే యిండ్లు కట్టుకొనిరి. పొలమునకు మాత్రమే కాపుగా కట్టినది ఇప్పుడు ప్రాణములకు కాపు కావలసివచ్చెను.

ఈ రోగములు మనవారికి క్రొత్తవి కావు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెరువును కట్టించి, చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగులకూడని ఆరు దోషములను అందు చెక్కించెను. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. అయినను ఆ సీమలోనే 2021 నవంబరు 19న చెయ్యేటి వరద అన్నమయ్య జలాశయపు మట్టికట్టను దాటి కొట్టుకొనిపోగా, దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు గోల్పోయిరి.

హామన్ ప్రాంతమునకు చెందిన రోజర్ మిల్స్ జిల్లాలో, సార్జంట్ మేజర్ క్రీక్ పైనున్న పాత కట్టను 2000లో పునరుద్ధరించిరి. ఆ దేశమున ఇట్టి కట్టలలో మరల కొత్త ఆయువు పోసికొన్నది అదియే మొదటిది. ఆ యేడే వచ్చిన శాసనము ప్రకారము ఈ పునరుద్ధరణ పనుల ఖర్చులో నూటికి 65 పాళ్లు కేంద్ర ప్రభుత్వము భరించును. తక్కిన 35 పాళ్లు స్థానికులే కూర్చుకొనవలెను.