డెడ్‌వుడ్ జూద చట్టబద్ధత ఉద్యమం

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో డెడ్‌వుడ్ అనే చిన్న పట్టణవాసులు తమ వీధుల్లో జూదానికి చట్టబద్ధమైన అనుమతి కోరుతూ 1980ల చివర్లో నడిపిన ప్రచారమిది. 1988 నవంబరు 8న రాష్ట్ర ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకోవడంతో అది ఫలించింది. 1989 నవంబరు 1 మధ్యాహ్నం పన్నెండు గంటలకు పట్టణంలో ఆటలు మొదలయ్యాయి. ఆదివాసీ తెగలు తమ భూముల్లో నడుపుకునేవాటిని పక్కన పెడితే, అమెరికాలో కాసినోలకు అనుమతి దొరికిన మూడో చోటు డెడ్‌వుడ్. మొదటిది నెవాడా రాష్ట్రం, రెండోది న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీ. ఆ రెండింటి వెనుక ఉన్నంత డబ్బు గానీ జనం గానీ ఈ ఊరికి లేవు. 1990 జనగణన నాటికి ఇక్కడ ఉన్నది 1,830 మంది.

ఊరు, దాని పాత అలవాటు

డెడ్‌వుడ్ పుట్టుకే చట్టవిరుద్ధం. ఊరున్న బ్లాక్ హిల్స్ కొండలు 1868 నాటి ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం లకోటా ప్రజలవి. కొండల్లో బంగారం ఉందన్న కబురు పొక్కగానే ఒప్పందాన్ని ఎవరూ లెక్కచేయలేదు. 1876లో లోయలో గుడారాలు, కొయ్య దుకాణాలు, సారా కొట్లు వెలిశాయి. సారా కొట్టు ఉన్నచోట పేకముక్కలు ఉండకుండా పోవు. ఆ ఏడాది ఆగస్టు 2న వైల్డ్ బిల్ హికాక్ అనే పేరుమోసిన తుపాకీవీరుణ్ణి పోకర్ బల్ల దగ్గర కూర్చుని ఉండగా జాక్ మెకాల్ అనేవాడు వెనుకనుంచి కాల్చి చంపాడు. అప్పుడు అతని చేతిలో నల్లరంగు ఆసులు రెండు, ఎనిమిదులు రెండు ఉన్నాయని చెప్పుకుంటారు. ఆ ముక్కల కలయికను పోకర్ ఆటగాళ్లు నేటికీ ‘చచ్చినవాడి చెయ్యి’ అంటారు. కథలో నిజమెంతైనా, ఊరికి పెట్టుబడి మాత్రం అదే. హికాక్‌ను పూడ్చిన మౌంట్ మొరయా శ్మశానం ఇప్పటికీ యాత్రాస్థలం.

1889లో సౌత్ డకోటా రాష్ట్రమైంది. జూదం చట్టప్రకారం నేరమైనా డెడ్‌వుడ్‌లో దశాబ్దాలపాటు చూసీచూడనట్లు సాగింది. 1947లో రాష్ట్ర అధికారులు గట్టిగా పట్టుబట్టి బల్లలు ఎత్తించేశారు. వేశ్యాగృహాలు మాత్రం 1980 దాకా నడిచాయి. చివరికి ఫెడరల్ అధికారులు దాడిచేసి వాటినీ మూయించారు. అవి మూతపడ్డప్పుడు ఊళ్లో కొందరు బాహాటంగానే బాధపడ్డారు. ఇక్కడివాళ్ల దృష్టిలో జూదం బయటినుంచి దిగుమతి చేసుకునే కొత్త పాపం కాదు, పోగొట్టుకున్న పాత వ్యాపారం. తర్వాతి ప్రచారం నడిచిన తీరు అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పట్టణమంతటినీ 1961లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. పేరు దక్కింది గానీ పైసా దక్కలేదు. పక్క ఊరు లీడ్‌లోని హోమ్‌స్టేక్ బంగారు గని జీతాలమీదా, వేసవిలో మూడు నెలలు వచ్చే యాత్రికులమీదా బతికే ఊరికి వందేళ్లనాటి ఇటుక భవనాలనూ, తుప్పు పట్టిన నీటి గొట్టాలనూ బాగుచేసుకునే స్తోమత లేదు. 1987 డిసెంబరులో మెయిన్ స్ట్రీట్‌లోని సిండికేట్ భవనం కాలి బూడిదైంది. 1879లో ఒకసారి ఊరంతా అగ్నికి ఆహుతైన చరిత్ర ఉంది కాబట్టి ఈ మంట అందరినీ భయపెట్టింది. ఇలాగే వదిలేస్తే కాపాడుకోవడానికి ఇక చరిత్రంటూ మిగలదన్న మాట అంతకుముందు కొందరే అనేవారు. ఆ తర్వాత ఊరందరి నోటా అదే మాట.

‘డెడ్‌వుడ్ యూ బెట్’

ప్రచారాన్ని నడిపించిన స్థానికుల బృందం పేరు ‘డెడ్‌వుడ్ యూ బెట్’. అమెరికన్ వాడుకలో ‘యూ బెట్’ అంటే ‘అందుకు అనుమానమా’ అని అర్థం. మాటకు మాటగా చూస్తే ‘పందెం కాయి’ అని. ఇంత పొదుపైన నినాదం ఎన్నికల్లో అరుదు. బృందంలో ఫ్రాంక్లిన్ హోటల్ యజమాని బిల్ వాల్ష్ వంటి వ్యాపారులూ, సాధారణ గృహస్థులూ ఉన్నారు.

వాళ్ల ముందున్న చిక్కు లెక్కల్లోనే ఉంది. రాష్ట్ర రాజ్యాంగాన్ని మార్చడానికి డెడ్‌వుడ్ ఒక్కటే ఒప్పుకుంటే చాలదు, రాష్ట్రమంతా ఓటెయ్యాలి. రాష్ట్రాన్ని మిస్సోరీ నది నిలువునా చీలుస్తుంది. పడమట పశువుల మేత నేలలు, కొండలు. తూర్పున వ్యవసాయ జిల్లాలు, చర్చిలు, ఓటర్లలో ఎక్కువమంది. డెడ్‌వుడ్ పడమటి కొసన ఉంది. రాష్ట్రంలోకెల్లా పెద్ద నగరం సూ ఫాల్స్ తూర్పు కొసన, 600 కిలోమీటర్లకు పైబడిన దూరంలో. అక్కడి రైతుకు డెడ్‌వుడ్‌లో పేకాట ఆడితే ఏమిటి, ఆడకపోతే ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబును అట్లాంటిక్ సిటీ అనుభవం అంతకుముందే చూపించింది. న్యూజెర్సీలో 1974లో కాసినోల ప్రతిపాదన ఓటుకు వచ్చినప్పుడు రాష్ట్రంలో ఎక్కడైనా, స్థానికులు ఒప్పుకుంటే, కాసినో పెట్టుకోవచ్చన్నారు. తమ వీధి చివరే జూదశాల వెలుస్తుందేమోనన్న భయంతో జనం దాన్ని చిత్తుగా ఓడించారు. రెండేళ్ల తర్వాత అదే ప్రతిపాదనను అట్లాంటిక్ సిటీ ఒక్కదానికే కుదించి, వచ్చే పన్నును వృద్ధులకూ వికలాంగులకూ కేటాయిస్తామని రాసి మళ్లీ తెచ్చారు. ఈసారి గెలిచింది. కాకపోతే 1976 ప్రచారం వెనుక రిసార్ట్స్ ఇంటర్నేషనల్ అనే పెద్ద హోటల్ కంపెనీ డబ్బు పుష్కలంగా పారింది. డెడ్‌వుడ్ తీసుకున్నది ఆ డబ్బును కాదు, ఆ కిటుకును. ఆటను ఒక్క ఊరికి కట్టెయ్యాలి, ఆదాయాన్ని ఎవరూ కాదనలేని పనికి ముడిపెట్టాలి.

అందుకే వాళ్లు జూదం గురించి తక్కువగా, పాత భవనాల గురించి ఎక్కువగా మాట్లాడారు. రాష్ట్ర చరిత్రలో కొంత భాగం మా ఊళ్లో ఉంది, దాన్ని మీ పన్నులతో కాకుండా యాత్రికుల పందెం డబ్బుతో నిలబెట్టుకుంటామన్నారు. సవరణ పాఠంలోనే ఈ మాట ఎక్కింది. డెడ్‌వుడ్ పురపాలక సంఘానికి ఈ ఆటలవల్ల వచ్చే నికరాదాయమంతా పట్టణ చారిత్రక పునరుద్ధరణకూ పరిరక్షణకూ మాత్రమే ఖర్చు చెయ్యాలని సౌత్ డకోటా రాజ్యాంగం మూడో అధికరణంలో ఇప్పటికీ ఉంది. పేకాట డబ్బుతో పాత గోడలకు సున్నం కొట్టించాలని ఒక రాజ్యాంగం శాసించడం విచిత్రమే.

కాలమూ కలిసొచ్చింది. 1986లోనే రాష్ట్ర ఓటర్లు ప్రభుత్వ లాటరీకి ఒప్పుకున్నారు. లాటరీ టికెట్టు అమ్మే ప్రభుత్వం పేకాటను పాపమనడం కష్టం. 1988 ఓటింగు అధ్యక్ష ఎన్నికల రోజునే జరిగింది. సవరణకు 64 శాతం ఓట్లు పడ్డాయి. తర్వాత 1989 ఏప్రిల్‌లో డెడ్‌వుడ్ ఓటర్లను విడిగా అడిగితే దాదాపు నాలుగింట మూడొంతుల మంది సరేనన్నారు.

అయిదు డాలర్ల పందెం

మొదట అనుమతించిన ఆటలు మూడే: స్లాట్ మిషన్లు, బ్లాక్‌జాక్, పోకర్. పందెం 5 డాలర్లకు మించకూడదు. ఒక్కో భవనంలో 30 ఆట పరికరాలకు మించకూడదు. లాస్ వేగస్ కంపెనీలకు ఇంత చిన్న పందెంమీద మోజు ఉండదనీ, చిన్న దుకాణదారు ఒక మూల నాలుగు మిషన్లు పెట్టుకుని బతుకుతాడనీ చట్టం ఆలోచన. నికర రాబడిమీద 8 శాతం పన్ను, ఒక్కో పరికరానికి ఏటా 2,000 డాలర్ల రుసుము పెట్టారు. పన్నులో 40 శాతం రాష్ట్ర పర్యాటక ప్రచారానికి, 10 శాతం లారెన్స్ కౌంటీకి పోయేవి. మిగతా సగంలోంచి నియంత్రణ ఖర్చులు పోనూ మిగిలింది డెడ్‌వుడ్ పరిరక్షణ నిధికి చేరేది.

డబ్బు ఎవరూ ఊహించనంత వచ్చింది. తుప్పు పట్టిన నీటి గొట్టాలు మారాయి, మెయిన్ స్ట్రీట్‌కు ఇటుక పరుపు వేశారు, ఇళ్ల యజమానులకు మరమ్మతులకోసం అప్పులూ గ్రాంట్లూ ఇచ్చారు, మౌంట్ మొరయా శ్మశానాన్ని బాగుచేశారు. గనికాలంలో చైనీయులు నివసించిన పేటలో 2000ల మొదట్లో పురావస్తు తవ్వకాలు కూడా జరిగాయి. ప్రచారం ఇచ్చిన మాట ఈ విషయంలో నూటికి నూరుపాళ్లు నిలిచింది.

నిలవనిది మరొకటి. పక్కన ఒక మూల నాలుగు మిషన్లు పెట్టుకుని పాత వ్యాపారం సాగించవచ్చన్న చిత్రం కొన్ని నెలల్లోనే చెదిరిపోయింది. జూదశాలకు వచ్చే అద్దె బట్టల కొట్టుకూ చెప్పుల కొట్టుకూ రాదు. ఒకదాని తర్వాత ఒకటిగా మెయిన్ స్ట్రీట్‌లో రోజువారీ సరుకులమ్మే దుకాణాలు పోయి స్లాట్ మిషన్ల వరసలు వెలిశాయి. భవనానికి 30 అన్న నిబంధనను గోడలు విడదీసో, కలిపేసో దాటే ఉపాయాలు వ్యాపారులు త్వరలోనే కనిపెట్టారు. తొలి ఏళ్లలో ఎనభైకి పైగా జూదశాలలు నడిచాయి. వాటిలో చాలావరకు నిలవలేక మూతపడి, పెద్దవాటిలో కలిసిపోయాయి. సంక్షోభంలో ఉన్న ఊరిని కాపాడటానికే జూదమన్నారు గదా. భవనాలు దక్కాయి, వాటిలో ఉండేవాళ్లు తగ్గారు. 2000లో జనాభా 1,380, 2020లో 1,156. ఇందుకు కాసినోలొక్కటే కారణం కాదు. 2002లో హోమ్‌స్టేక్ గని మూతపడింది. అయినా కూరగాయలకు కారెక్కి పొరుగూరికి పోవలసిన ‘సజీవ చారిత్రక పట్టణం’లో ఏదో లోటు ఉందన్నది ఒప్పుకోవలసిందే.

ఓటర్ల చేతిలో తాళం

సవరణను రాజ్యాంగంలో పెట్టడంవల్ల మరో ఫలితం కలిగింది. కొత్త ఆట కావాలన్న ప్రతిసారీ రాష్ట్రంలోని ప్రతి ఓటరునూ అడగాలి. మరికొన్ని మార్పుల్ని శాసనసభ చట్టంగా చేసినా జనం ఓటుకు లాగారు. 1993లో పందెం పరిమితిని 100 డాలర్లకు పెంచుతూ శాసనసభ చేసిన చట్టాన్ని ఓటర్లు తిప్పికొట్టారు. ఆ పెంపు కోరినవాళ్లలో ఉన్న ‘డ్యాన్సెస్ విత్ వుల్వ్స్’ తీసిన హాలీవుడ్ నటుడు కెవిన్ కాస్ట్‌నర్, అతని సోదరుడు అప్పటికే డెడ్‌వుడ్‌లో మిడ్‌నైట్ స్టార్ అనే కాసినో తెరిచి, ఊరి పక్కనే భారీ విడిది కట్టాలని చూస్తున్నారు. లకోటా ప్రజలకు పవిత్రమైన కొండల్లో ఆ కట్టడం వద్దని తెగల పెద్దలు ఎదురుతిరిగారు. విడిది చివరికి రాలేదు. పరిమితి 2000లో 100కూ, 2012లో 1,000కీ పెరిగింది. రూలెట్, క్రాప్స్, కీనో ఆటలకు 2014లో, క్రీడలమీద పందాలకు 2020లో రాష్ట్రం ఓటేసింది.

ఆదివాసీ తెగల విషయం పక్కదారిలా కనిపించినా అసలు కథలో భాగమే. తెగల జూదంపై ఫెడరల్ చట్టం 1988 అక్టోబరులో వచ్చింది, డెడ్‌వుడ్ ఓటు మరుసటి నెలలో. రాష్ట్రం ఎవరికైనా అనుమతించే ఆటల గురించి తెగలతోనూ ఒప్పందాలు కుదుర్చుకోవాలని ఆ చట్టం చెబుతుంది. అంటే కొండలు పోగొట్టుకున్నవాళ్లకు, కొండల్లో వెలిసిన ఊరు సాధించుకున్న ఓటే కాసినో తలుపు తెరిచింది. ఫ్లాండ్రో సాంటీ సూ తెగ రాష్ట్రంతో ఒప్పందం చేసుకుని 1990లో తన కాసినో తెరిచింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు బ్లాక్ హిల్స్‌కు పరిహారం ఇవ్వాలని తీర్పిచ్చినా, లకోటాలు నేటికీ ఆ డబ్బు ముట్టలేదు. వాళ్లకు కావలసింది కొండలే.

డెడ్‌వుడ్ నమూనాను పొరుగువాళ్లు త్వరగానే అందిపుచ్చుకున్నారు. కొలరాడోలోని పాత గని ఊళ్లు బ్లాక్ హాక్, సెంట్రల్ సిటీ, క్రిపుల్ క్రీక్ అదే పాత భవనాల వాదంతో, అదే 5 డాలర్ల పందెంతో 1990లో రాష్ట్ర ఓటు గెలిచి 1991 అక్టోబరు 1న కాసినోలు తెరిచాయి. అక్కడ పన్నులో నిర్ణీత భాగం రాష్ట్ర చారిత్రక నిధికి పోతుంది. ఆ విజయం చూసి 1992లో మరిన్ని ఊళ్లు మాకూ ఇవ్వండని ముందుకొస్తే కొలరాడో ఓటర్లు కాదన్నారు. ‘మూడే ఊళ్లు’ అన్న హామీమీద గెలిచిన వాదం నాలుగో ఊరికి పనికిరాలేదు.

2020లో ఓటర్లు ఆమోదించిన క్రీడా పందాలు 2021 సెప్టెంబరులో మొదలయ్యాయి. పందెం మొబైల్ ఫోన్‌లోనూ కాయవచ్చు. కాకపోతే ఆ ఫోన్ డెడ్‌వుడ్ కాసినో ఆవరణలో ఉంటేనే చెల్లుతుంది. గడప దాటి వీధిలోకి వస్తే యాప్ పనిచెయ్యదు.