పులస చావుకి రెండు ఖాతాలు

మట్టలు ఊడిన గుర్తులు చూసి కొబ్బరిచెట్టు వయసు చెప్పేస్తాం కదండీ. చేపకి పొలుసు మీద వలయాలుంటాయి. 1898లో జర్మనీలో హాఫ్‌బావర్ అనే ఆయన చెరువు చేపలకి అలాగే వయసు కట్టాడు. 1918లో రష్యాలో బరనోవ్ చేపల చావుని రెండు ఖాతాలు చేశాడు: రోగాలకీ, పెద్ద చేపలకీ పోయేవి ఒకటి, వలకి చిక్కేవి రెండోది. మొదటిది మన చేతిలో లేదు. రెండోది మనదే.

మన పులసనే చూడండి. సముద్రంలో విలస, గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీది గోదారెక్కితే పులస. 1852లో ధవళేశ్వరం ఆనకట్టతో మన చేలకి నీళ్లొచ్చాయి, దాని దారికి అడ్డం పడింది. సముద్రంలో వేట నిషేధం జూన్ 14తో సరి. పులస ఏరెక్కేది ఆ తర్వాతే, గుడ్లతోనే వలలో పడుద్ది. విత్తనాలు వండుకు తినేస్తే సార్వాకి ఆకుమడి ఎక్కడిదండీ?