బ్యాటరీ వైరు పీకి చూసే పరీక్ష ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మధ్య ఒక రీల్ చూశాను. పాత కారు, బానెట్ తెరిచి ఉంది, ఇంజన్ నడుస్తోంది. ఒకాయన స్పానర్ పెట్టి బ్యాటరీ టెర్మినల్ ఊడదీశాడు. ఇంజన్ ఆగలేదు. "చూశారా, చార్జింగ్ బాగానే ఉంది" అన్నాడు. నాకు మాత్రం గుండె గుబేలుమంది. ఎందుకంటే సరిగ్గా ఇదే పరీక్ష మా ఇంట్లో కారును పాడుచేసింది.

అది మా నాన్నగారి అంబాసిడర్. కొన్నాళ్లుగా పొద్దున్నే సెల్ఫ్ కొడితే నీరసంగా తిరిగేది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించాం. పది రోజులకు మళ్ళీ అదే కథ. అప్పుడు మాకు బాగా తెలిసిన పెద్దాయన, అనుభవం ఉన్న మెకానిక్, వచ్చి ఇంజన్ నడుస్తుండగానే టెర్మినల్ పీకారు. ఇంజన్ ఆగలేదు. "డైనమో బ్రహ్మాండంగా ఉంది బాబూ" అన్నారు. ఆ రోజు నుంచి డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు సన్నగా వెలుగుతూనే ఉండేది. రాత్రి ఆపిన కారు పొద్దునకల్లా బ్యాటరీ డౌన్.

ఆ పెద్దాయనకు పని రాదా అంటే, చాలా బాగా వచ్చు. మరి పొరపాటు ఎక్కడ జరిగింది? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మొదటి రోజుల్లో కారును ముందు నుంచి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. ఇంజన్ వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు దీనికి దారి చూపించాడు. అంతకుముందు ఆయన దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్‌కు ఎలక్ట్రిక్ మోటారు పెట్టిన మనిషి. కొద్ది క్షణాలు గట్టిగా పనిచేసి ఆగిపోయే మోటారు చాలు కదా అన్న ఆలోచన అక్కడిదే. 1912 మోడల్ క్యాడిలాక్‌తో సెల్ఫ్ స్టార్టర్ కార్లలోకి వచ్చింది.

సెల్ఫ్ కావాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీ ఉంటే దాన్ని మళ్ళీ నింపేది ఒకటి కావాలి. అదే డైనమో. ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది, కమ్యుటేటర్, బ్రష్షుల ద్వారా నేరుగా డీసీ కరెంటు ఇస్తుంది. కానీ ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. అప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపడానికి ఒక రిలే ఉండేది. దాని పేరు కటౌట్. సినిమా హీరోల కటౌట్ కాదండోయ్! పాత కార్లు సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు మందగించి, యాక్సిలరేటర్ తొక్కితే మళ్ళీ వెలిగేవని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు. కారణం ఇదే.

మన అంబాసిడర్ 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో, బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా తయారైంది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి లూకాస్ డైనమో ఉండేది. లూకాస్ సీ40 రకం ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు. లైట్లు, వైపర్లు, హారన్, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఏసీ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇంతకన్నా మెరుగని ముందునుంచీ తెలుసు. కానీ బ్యాటరీకి డీసీయే ఎక్కుతుంది. ఏసీని డీసీగా మార్చే చిన్న, చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చాకే దారి తెరుచుకుంది. 1960 మోడల్ క్రైస్లర్ వాలియంట్‌లో ఆల్టర్నేటర్ ప్రామాణికంగా వచ్చింది. తర్వాత లోకమంతా అటే నడిచింది. మా నాన్నగారు కూడా ఎప్పుడో డైనమో తీయించి ఆల్టర్నేటర్ పెట్టించారు.

ఇక్కడే అసలు చిక్కు. వస్తువు మారింది, పేరు మారలేదు. మన షెడ్లలో ఆల్టర్నేటర్‌ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. పేరుతో పాటు పాత పరీక్ష కూడా మిగిలిపోయింది. డైనమో కాలంలో రెగ్యులేటర్ అంటే ఇనుము, రాగితీగ. అప్పుడు కూడా వైరు పీకడం మంచి పద్ధతేం కాదు, కానీ చాలాసార్లు ఏమీ కాకుండా బయటపడేది. ఆల్టర్నేటర్ అలా కాదు. బ్యాటరీ దానికి పరుపు లాంటిది. ఒక్కసారిగా తీసేస్తే వోల్టేజీ క్షణంలో పదుల వోల్టులు ఎగబాకుతుంది. డయోడ్లు కాలిపోతాయి.

ఇంకో మాట. ఇంజన్ నడవడానికి ఇగ్నిషన్‌కు కావలసింది కొద్ది ఆంపియర్లే. చార్జింగ్ బలహీనంగా ఉన్నా ఇంజన్ నడుస్తుంది. అంటే ఆ పరీక్ష ప్రమాదకరం మాత్రమే కాదు, సరైన జవాబు కూడా ఇవ్వదు.

మరేం చేయాలి? కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ కొనుక్కోండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక, నిండుగా ఉన్న బ్యాటరీ మీద సుమారు 12.6 వోల్టులు కనిపించాలి. ఇంజన్ స్టార్ట్ చేసి కొంచెం రేస్ చేస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 13 దాటకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపులో లేదు, బ్యాటరీ ఉడికిపోతుంది. తర్వాత హెడ్‌లైట్లు వేసి మళ్ళీ చూడండి. ఇంజన్ నడుస్తుండగానే మీటర్ ఒక వైరు ఇంజన్ బాడీకి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉండొచ్చు.

ఎర్ర లైటును కూడా చిన్నచూపు చూడొద్దు. డైనమో తనలో మిగిలిన అయస్కాంతంతో తానే మొదలవుతుంది, దానికి ఆ బల్బుతో పని లేదు. చాలా ఆల్టర్నేటర్లకు మాత్రం మొదలవడానికి కావలసిన కరెంటు ఆ బల్బు గుండానే వస్తుంది. తాళం తిప్పినప్పుడు బల్బు అసలు వెలగకపోతే, బల్బు మాడిందేమో ముందు చూడండి. రెండు రూపాయల వస్తువు కోసం ఆల్టర్నేటర్ విప్పించుకోవద్దు.

చివరికి మా కారులో మొదటి తప్పు ఏమిటో తెలుసా? బెల్టు. అరిగి, నున్నగా మెరుస్తూ, పుల్లీ మీద జారుతోంది. ఇంజన్ ఆపి వేలితో నొక్కి చూసుంటే ఆ రోజే తెలిసేది. దాని బదులు ఒక కొత్త బ్యాటరీ కొన్నాం, తర్వాత డయోడ్లు మార్పించాం.

ఆ పెద్దాయన్ని నేను తప్పు పట్టను. ఆయన నేర్చుకున్న రోజున అది పనికొచ్చిన విద్యే. చేతిలో మీటర్ లేని కాలంలో ఆయన తరం అలాగే బళ్ళు నడిపించింది. కానీ ఆ రీల్ చూసి చేసేవాళ్ళ బళ్ళలో ఉన్నది డైనమో కాదు. కాబట్టి ఎవరైనా మీ బండి దగ్గరికి స్పానర్ పట్టుకుని వచ్చి టెర్మినల్ పీకబోతే, "ఒక్క నిమిషం ఆగండి బాబాయ్" అని మీటర్ చేతికివ్వండి. గౌరవంగానే ఇవ్వండి.