యాభై గినీల ఆలోచన

జాన్ డంటన్ లండన్‌లో పుస్తకాలు వేసి అమ్ముకునేవాడు. ఎవరో కృతఘ్నుడు చేసిన అపకారం ఆయన మనసును తొలిచేస్తోంది. ఏ పాదిరీనైనా సలహా అడుగుదామంటే తన పేరూ, ఆ మనిషి పేరూ దాచడమెలాగో తెలియలేదు. ఆ మథనంలోనే ఒకరోజు ఇద్దరు మిత్రులతో సెయింట్ జార్జి మైదానాల మీదుగా నడుస్తూ ఠక్కున ఆగాడు. ఇప్పుడు తట్టిన ఆలోచనను యాభై గినీలిచ్చినా వదులుకోనన్నాడు. ఇది ఆయన ఆత్మకథలో రాసుకున్న మాట. వ్యాపారి సొంత డబ్బా కనుక కాస్త తగ్గించి విన్నా తప్పులేదు.

ఆలోచన ఇదీ: పేరు చెప్పకుండా ఎవరైనా ఏదైనా అడగొచ్చు, జవాబు అచ్చులో వస్తుంది. 1691 మార్చి 17న మొదటి సంచిక వచ్చింది. రెండువైపులా అచ్చేసిన ఒకే కాగితం, వెల పెన్నీ. త్వరలోనే ‘ఎథీనియన్ మెర్క్యురీ’ అన్న పేరు స్థిరపడింది. ప్రశ్నలు పెన్నీ పోస్టులో స్మిత్ కాఫీ హౌసుకు చేరేవి. చంద్రుడిలో మచ్చలెలా వచ్చాయని ఒకరు, పెళ్లాన్ని కొట్టొచ్చా అని ఇంకొకరు.

జవాబులిచ్చేది ‘ఎథీనియన్ సొసైటీ’ అనే పండిత మండలి అని ప్రచారం. చెక్కించిన బొమ్మలో పన్నెండుమంది కొలువుతీరి ఉంటారు. అసలున్నది డంటన్, లెక్కలు చెప్పే రిచర్డ్ సాల్ట్, డంటన్ తోడల్లుడు శామ్యూల్ వెస్లీ. అప్పుడప్పుడూ నారిస్ అనే తత్వవేత్త ఓ చెయ్యి వేసేవాడు. కుర్ర జొనాథన్ స్విఫ్ట్ బొమ్మలోని మండలినే నమ్మి, 1692లో దానిమీద ఏకంగా ఒక స్తోత్రం రాసి పంపాడు.

ప్రశ్నలకు కరువు రాలేదు. అడిగిందే మళ్లీ అడగడమే తలనొప్పయింది. అది చెప్పేశాం, పాత సంచికలు చూసుకోండని పదేపదే వేడుకోవాల్సి వచ్చింది. అంతలో సంచికల్ని సంపుటాలుగా కుట్టి అమ్మడమూ మొదలైంది. అంటే పాతది చూసుకోండనడం విసుగే కాదు, అమ్మకం కూడా! బూతు ప్రశ్నలూ, ఫలానావాళ్ల పరువు తీసేవీ బుట్టదాఖలు. ఆడవాళ్ల ప్రశ్నలకు నెలలో మొదటి మంగళవారం కేటాయించారు. ‘ఆంధ్రప్రభ’లో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ చదివి పెరిగినవాళ్లకు ఆ మంగళవారాల సందడి ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు.

1692లో టామ్ బ్రౌన్ పోటీ పత్రిక పెట్టాడు. అతను జవాబిచ్చిన ప్రతి ప్రశ్నకూ మళ్లీ మేమే జవాబిస్తామని డంటన్ బెదిరించాడు. ఆ పత్రిక కొన్ని నెలలకే మూతపడింది.

మెర్క్యురీ 1697లో ఆగింది. 1703 నుంచి ఏరిన ప్రశ్నోత్తరాలు ‘ఎథీనియన్ ఒరాకిల్’ పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. 1705లో వచ్చిన ఆత్మకథలో ఆ నడక గురించి చెబుతూ డంటన్ వెంట ఉన్న మిత్రుల పేర్లు రాశాడు. తనకు అపకారం చేసినవాడి పేరు మాత్రం అక్కడ రాయలేదు.