కొరియర్లో వెళ్ళిన పత్తిచేను

ఈమధ్యే ఉద్యోగం పోయిన మా టీము కుర్రాడొకడు "అన్నా, డిజిటల్ వ్యవసాయంలో మనలాంటి సిటీవాళ్ళకి ఏమన్నా ఉంటుందా?" అని అడిగాడు. యాప్‌లూ డ్రోన్లూ అంటూ ఏదో చెప్పబోయి, ఈ-సాగు గుర్తొచ్చి ఆగాను.

2004 ఖరీఫ్. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్ళు, మీడియా ల్యాబ్ ఏషియాతో కలిసి, అప్పటి వరంగల్ జిల్లాలో మూడు ఊళ్ళలో (ఊరుగొండ అందులో ఒకటి) వెయ్యికి పైగా పత్తిచేలకి సలహాలివ్వడం మొదలెట్టారు. ఊళ్ళో చదువుకున్న రైతునే కోఆర్డినేటరుగా పెట్టుకున్నారు. అతను చేనంతా తిరిగి డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీసేవాడు. అన్ని ఫొటోలు పంపేంత నెట్ అప్పుడు ఊళ్ళో ఎక్కడిది? సీడీలో ఎక్కించి కొరియర్లో హైదరాబాదు పంపేవారు! ఇక్కడ వ్యవసాయ నిపుణులు కంప్యూటర్లో చూసి సలహా రాస్తే, అది మాత్రం నెట్‌లో ఊరికెళ్ళేది. రైతు అడక్కుండానే.

అంటే నగరంలో కూర్చుని చేసే సాగు ఉద్యోగం ఇరవయ్యేళ్ళ కిందటిదే అన్నమాట. అదే ఏడాది జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్లలోనూ ఫోనెత్తింది వ్యవసాయ పట్టభద్రులే. మనబోటి కోడర్ల వంతు వెనకున్న డేటాబేసు. ఇప్పుడు సీడీలు పోయాయిగానీ, ఏ ఆకు తిప్పి ఫొటో తియ్యాలో తెలిసిన మనిషి లేకపోతే ఆ డేటాబేసులో ఏముంటుంది?

"ముందు ఒక ఖరీఫ్ మీ తాతగారి ఊళ్ళో ఉండిరా" అన్నాను.

"మరి ఈఎంఐ?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు.