తుపాకీ లేకుండా చర్చికి వస్తే జరిమానా

ఈసారి కొంచెం బరువైన విషయం రాస్తున్నాను. వాక్యాలు చిన్నగా ఉంటాయి. నాకు వచ్చిన తెలుగు అంతే.

నేనుండే జార్జియా రాష్ట్రంలో ఒకప్పుడు తుపాకీ తీసుకోకుండా చర్చికి వెళ్తే జరిమానా వేసేవారు. తర్వాత, తీసుకెళ్తే నేరం అయింది. ఇప్పుడు మళ్ళీ, ఆ చర్చి ఒప్పుకుంటే, చొక్కా కింద పెట్టుకుని వెళ్ళొచ్చు. బైబిలు మాత్రం మూడు కాలాల్లోనూ అదే.

మొదటి చట్టం 1770లో వచ్చింది. అప్పుడు జార్జియా బ్రిటిష్ వాళ్ళ వలస. తెల్లజాతి మగవాళ్ళు ఆరాధనకు వెళ్తే ఒక తుపాకీ గానీ రెండు పిస్తోళ్ళు గానీ పట్టుకెళ్ళాలి. కనీసం 6 సార్లు పేల్చేంత మందు, గుళ్ళు ఉండాలి. తలుపు దగ్గర వదిలేస్తే కుదరదు, కూర్చునే బెంచీ దాకా తీసుకెళ్ళాలి. లేకపోతే 10 షిల్లింగుల జరిమానా. చర్చి పెద్దలే క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, ఇంకా ఏడాదిలో కొన్నిసార్లు తనిఖీ చేయాలి. చేయకపోతే వాళ్ళకీ జరిమానా!

ఇదంతా ఎవరి భయంతో? లోపలి ప్రమాదాల నుంచి, తిరుగుబాట్ల నుంచి కాపాడుకోవడానికి అని ఆ చట్టమే చెప్పుకుంది. అంటే బానిసల భయం. ఆదివారం వాళ్ళకి పొలం పని ఉండదు, యజమానులంతా చర్చిలో ఉంటారు.

పక్కనే ఉన్న సౌత్ కెరొలైనాలో ఇలాంటి చట్టం 1739 ఆగస్టులోనే చేశారు. జరిమానా సెప్టెంబరు 29 నుంచి. ఈలోపే, సెప్టెంబరు 9న, ఒక ఆదివారం, స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. సుమారు 20 మంది మొదలుపెట్టారు. ఒక దుకాణంలో తుపాకులు తీసుకుని ఫ్లోరిడా వైపు నడిచారు. అక్కడ స్పెయిన్ వాళ్ళు స్వేచ్ఛ ఇస్తారని వాళ్ళు విన్నారు. వాళ్ళలో చాలామంది కాంగో రాజ్యం నుంచి వచ్చిన క్యాథలిక్కులని జాన్ థోర్న్‌టన్ అనే చరిత్రకారుడు వాదించారు. అదే నిజమైతే తుపాకీ పట్టుకుని లోపల కూర్చున్నవాడూ క్రైస్తవుడే, ఎవరి కోసం పట్టుకున్నాడో వాడూ క్రైస్తవుడే. ఇది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. నా రంగు మనిషి ఆ రోజుల్లో ఆ తలుపుకి ఎటువైపు ఉండేవాడు?

అంతర్యుద్ధం అయ్యాక, 1870లో, జార్జియా తిరగేసింది. కోర్టుకీ, ఎన్నికల స్థలానికీ, ఆరాధన స్థలానికీ పిస్తోలు, రివాల్వరు, బౌయీ కత్తి తేకూడదు. ఇది కొత్తగా స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళని కాపాడడానికా, వాళ్ళ చేతుల్లోంచి ఆయుధాలు లాక్కోవడానికా అని ఇప్పటికీ వాదించుకుంటారు. చర్చి వరకు ఆ నిషేధం 2014 దాకా నడిచింది. ఆ ఏడాది గవర్నర్ నేథన్ డీల్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. చర్చి పాలకవర్గం అనుమతిస్తే తేవచ్చు. అప్పటి చట్టంలో, అనుమతి లేకుండా తెచ్చినా, లైసెన్సు ఉంటే, 100 డాలర్లకు మించి జరిమానా ఉండేది కాదు.

అప్పటినుంచి ప్రతి సంఘంలోనూ ఇదే చర్చ. మా తెలుగు సంఘంలో కూడా. మా బాబాయికి ఒక గ్యాస్ స్టేషన్ ఉంది, అక్కడ రెండుసార్లు దోపిడీ జరిగింది. ఆయన పిస్తోలు లేకుండా ఎక్కడికీ వెళ్ళడు. ఆరాధన జరిగినంతసేపూ తలుపు దగ్గర నిలబడతానని సంఘ పెద్దలతో అన్నాడు. లూకా సువార్తలో యేసు శిష్యులను కత్తి కొనుక్కోమన్నారు కదా అంటాడు. నేను అదే అధ్యాయం ఇంకొంచెం ముందుకి చదవమంటాను. శిష్యులు రెండు కత్తులు చూపిస్తే యేసు చాలు అన్నారు. పన్నెండుమందికి రెండు కత్తులు ఏ లెక్కన చాలతాయి? ఆ రాత్రే ఒక శిష్యుడు కత్తితో ప్రధాన యాజకుని దాసుడి చెవి నరికితే, యేసు ఆపి ఆ చెవిని బాగుచేశారు. చెవిని బాగుచేసిన సంగతి లూకా ఒక్కడే రాశాడు.

బాబాయి మాటలో బలం లేదని నేను అనను. 2019 డిసెంబరులో టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ ఊళ్ళో ఒకడు ఆరాధనలో కాల్పులు మొదలుపెడితే, సంఘ రక్షణ బృందంలోని ఒకాయన కొన్ని క్షణాల్లోనే వాణ్ణి కాల్చేశాడు. అప్పటికే ఇద్దరు పోయారు. కానీ 2015లో చార్ల్‌స్టన్‌లో, ఇమ్మాన్యుయేల్ చర్చిలో, హంతకుడు బయటినుంచి దూసుకు రాలేదు. బైబిలు చదువుతున్న నల్లజాతి విశ్వాసులు వాణ్ణి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. దాదాపు గంటసేపు వాళ్ళతో కూర్చుని, ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాక కాల్చాడు. 9 మంది చనిపోయారు. చార్ల్‌స్టన్ నుంచి స్టోనో ఎంతో దూరం లేదు.

తలుపు దగ్గర ఉన్నవాడు అలాంటివాణ్ణి ఎలా గుర్తుపడతాడు? ముఖం చూసా? నాకు అసలు భయం అక్కడే. కొత్తగా వచ్చినవాణ్ణి మా వాళ్ళు ఇప్పుడు చేయి పట్టుకుని లోపలికి తీసుకొస్తారు.

ఇంకో తేడా కూడా ఉంది. 1770లో తుపాకీ అందరికీ కనబడేది, పెద్దలు చూసి లెక్క పెట్టేవారు. ఇప్పుడు దాచుకుంటారు. నా పక్కన పాట పాడుతున్న అంకుల్ దగ్గర ఉందో లేదో నాకు తెలీదు. అనుమతి ఇచ్చేటట్టయితే ఎవరి దగ్గర ఏముందో ఎవరు చూస్తారని సంఘ పెద్దలను అడిగాను. వచ్చే కమిటీ మీటింగులో మాట్లాడదాం అన్నారు. బాబాయి కూడా వస్తాడు.