నూరుసార్లు కడిగిన నెయ్యి

జిడ్డు వదలాలని గిన్నె కడుగుతాం. జిడ్డునే పట్టుకుని కడగడమేమిటి? శతధౌత ఘృతం గురించి మొదట చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, సంబరమూ కలిగింది. నెయ్యిని నీళ్లతో నూరుసార్లు కడిగి చేసే లేపనం అది. ఆయుర్వేదం చదివేవాళ్లకు ఇందులో వింతేమీ లేదు, వాళ్లకది పాఠమే. మా వెంగళరావు నగర్ పక్కన ఎర్రగడ్డలో బూర్గుల రామకృష్ణారావు పేరిట ఉన్న ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆ నెయ్యే గుర్తొస్తుంది.

రాగి పళ్లెంలో ఆవునెయ్యి వేస్తారు. చల్లటి నీళ్లు పోసి అరచేత్తో రుద్దుతారు. నీళ్లు వంపేసి కొత్తవి పోస్తారు. అలా కడగ్గా కడగ్గా నేతిలోని పూస చెదిరిపోతుంది, పసుపు వన్నె తెల్లబడుతుంది, వాసన సన్నగిల్లుతుంది. చివరికి పళ్లెంలో మిగిలేది వేలికి జిడ్డుగా అంటని, వెన్నకన్నా మెత్తని తెల్లటి లేపనం. వంపేసిన నీళ్లన్నీ పోలేదన్నమాట, కొన్ని సన్నటి బొట్లుగా నేతి కడుపులోనే ఉండిపోయాయి. ఇలా ఒకదానిలో ఒకటి బొట్లుగా ఇమిడిన నూనె, నీళ్ల జంటనే ఎమల్షన్ అంటాం. ఒంటి మంటకూ, సర్పి లాంటి చర్మ బాధలకూ కడిగిన నేతిని చరక సంహిత చెప్పింది. నూరు చాలదనుకున్న చోట వెయ్యిసార్లు కడిగినదీ ఉంది.

దీనికి రోములో ఒక దాయాది ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ పేరు మీద చలామణీ అయిన లేపనంలో తేనెమైనం, గులాబీలు ఊరవేసిన ఆలివ్ నూనె, నీళ్లు ఉండేవి. ఒంటికి రాయగానే నీరు విడిపోయి ఆవిరయ్యేది, చర్మం చల్లబడేది. కోల్డ్ క్రీముకు ఆ పేరు అందుకే వచ్చింది. విడిపోవడమే దాని గుణం! ఈనాటి ల్యాబులో దాన్నే లోపమంటారు.

తర్వాత శతాబ్దాల తరబడి కథ పెద్దగా కదల్లేదు. 19వ శతాబ్దం చివర్లో తేనెమైనానికి బోరాక్స్ తోడై నూనెనూ నీటినీ గట్టిగా కలిపి ఉంచింది. చెడి వాసన కొట్టే ఆలివ్ నూనె స్థానంలో మినరల్ ఆయిల్ వచ్చింది. దాంతో క్రీము సీసాకెక్కింది, సీసా కొట్టుకెక్కింది. 1899లో ఫ్రాన్సులో ఆగస్ట్ గోలాన్ పాల కోసం ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. పాలను ఒత్తిడితో సన్నటి సందులోంచి తోసి, మీగడ తేలకుండా కొవ్వు బొట్లను చితక్కొట్టే యంత్రమది. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నాకిష్టమైన కాలం మాత్రం సినిమాది. నాటకాల వాళ్లు పూసుకునే గ్రీజ్ పెయింటు దళసరిది, ఆరితే బీటలు వారేది. వెనక బెంచీ ప్రేక్షకుడికి ఆ బీట కనపడదు గానీ కెమెరాకు కనపడుతుంది. పోలెండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన మాక్స్ ఫ్యాక్టర్ 1914లో సినిమా కోసమే పలచటి క్రీము లాంటి గ్రీజ్ పెయింటు చేశాడు. ఆ రోజుల ఆర్క్ దీపాల్లోంచి అతినీలలోహిత కిరణాలు కూడా వచ్చేవి. నటుల కళ్లు ఎర్రబడి వాచేవి, దానికి ‘క్లీగ్ ఐ’ అని ఒక పేరు కూడా పడింది. చర్మాన్ని ఏ వెలుతురు నుంచి కాపాడాలని ఇవాళ యాంటీ ఆక్సిడెంట్ సీరాలు అమ్ముతున్నారో, ఆ వెలుతురులోనే అప్పటి తారలు డ్యూటీ చేశారు.

మన దగ్గర అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ లేచాక హైదరాబాదులో తయారైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చింది. పూర్తి రంగుల్లో తొలి తెలుగు చిత్రం ‘లవకుశ’ 1963లో వచ్చింది. దాంతో దేవుడి మేని ఛాయ కూడా తెర మీద తేలే కాలం మొదలైంది. పౌరాణికమంటే ముఖం ఒక్కటే కాదు, భుజాలు, ఛాతీ, చేతులు అన్నిటికీ పూతే. ప్యాకప్ చెప్పాక కొబ్బరినూనె పట్టించి దూదితో తుడిచేవారు. నూనె రంగు నీళ్లకు లొంగదు, నూనెకే లొంగుతుంది. ఏది దేంట్లో కలుస్తుందో మేకప్‌మేన్‌కు చేతి మీదే తెలుసు. ఆ చేతి లెక్కలు ఎవరూ రాసిపెట్టలేదు, అదే నా బాధ.

ఇక ఈనాటి నానో ఎమల్షన్. ఇందులో నూనె బొట్టు 20 నుంచి 200 నానోమీటర్ల దాకా ఉంటుంది. దుగ్గిరాల, నిజామాబాద్ యార్డులకు వచ్చే పసుపులోని కర్క్యుమిన్‌నే చూడండి. చర్మం సాధారణంగా 500 డాల్టన్ల బరువు మించిన అణువుల్ని రానివ్వదు, కర్క్యుమిన్ 368 మాత్రమే. కానీ అది నీళ్లలో కరగదు. అందుకే నూనె బొట్టులో ఎక్కిస్తారు. ఆ బొట్టు యథాతథంగా లోపలికి దూరిపోతుందని అనుకోకూడదు. చర్మం పైపొరలోని కొవ్వులో కలిసి, తెచ్చిన సరుకును అక్కడ దింపుతుంది. బొట్టును అంత చిన్నగా కొట్టేది గోలాన్ పాల యంత్రానికి మునిమనవడైన హై ప్రెషర్ హోమోజెనైజరే.

చిన్నగా కొట్టడం ఇవాళ పెద్ద పని కాదు, ఆ చిన్నతనాన్ని నిలబెట్టడమే పని. బుల్లి బొట్లలోని నూనె మెల్లగా నీటిలోకి జారి పెద్ద బొట్లలో చేరుతుంది, పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. దీన్ని ఆస్వాల్డ్ రైపెనింగ్ అంటారు. నీటిలో బొత్తిగా కరగని నూనెను కలిపితే ఆ వలస తగ్గుతుంది. రెండో చిక్కు ఇంకా చిత్రమైనది. ఒక్క మిల్లీలీటరు నూనెను 100 నానోమీటర్ల బొట్లు చేస్తే వాటి ఉపరితలం మొత్తం 60 చదరపు మీటర్లు. మా పేట లెక్కలో 70 గజాల పైచిలుకు ప్లాటు! అంత మేరా ఆక్సిజన్‌కు తలుపు తెరిచినట్టే. చర్మాన్ని ఆక్సీకరణ నుంచి కాపాడాల్సిన మందు, సీసాలో ఉండగానే తాను ఆక్సీకరణకు బలైపోవచ్చు.

అందుకే మందుల పరీక్షల్లో నమూనాను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి చూస్తారు. మన మే నెలకు ఆ 40 డిగ్రీలు లెక్కే కాదు. ఈ తిప్పలన్నీ చర్మం కోరినవి కావు, కొట్టు కోరినవి. నెయ్యి కడిగినవాడికి అది రెండేళ్లు షెల్ఫ్ మీద నిలవాలన్న గొడవ లేదు, చేసుకున్నాడు, రాసుకున్నాడు. ఆ తాజాతనం పోయింది. అలాగని నేనేమీ పాతదానికి హారతి పట్టడం లేదు. రాగి తగిలితే కొవ్వు త్వరగా ఆక్సీకరణ చెందుతుంది, కాబట్టి ఆ రాగి పళ్లేన్ని కూడా ప్రశ్నించాల్సిందే.

నేనైతే సీరం కొనేటప్పుడు ‘నానో’ అన్న అక్షరాలు చూడను. తయారీ తేదీ, వెలుతురు చొరని సీసా, గాలి తగలని పంపు చూస్తాను. బొట్టు ఎంత చిన్నదో కంపెనీ అడక్కుండానే చెబుతుంది. ఎన్నాళ్లు అలా ఉంటుందో అడగాల్సింది మాత్రం డబ్బిచ్చి కొనే మనమే.